తృప్తి ఎవరినడగాలి

చేతులకు సబ్బు నురగ ఉండగా ఆమె ఫోను మోగింది. ఆదివారం ఉదయం, సింకు నిండా గిన్నెలు. భర్తే ఫోనెత్తి స్పీకరు నొక్కాడు. ఆమె కంపెనీకి ఆరు దేశాల్లో శాఖలున్నాయి. సాంకేతిక సిబ్బంది తమ ఉద్యోగాలతో ఎంత తృప్తిగా ఉన్నారో తెలుసుకోవడానికి అన్నిచోట్లకూ ఫోన్లు చేస్తున్నారట.

"ఆవిడ పనిలో ఉందండీ, నేను చెప్తా రాసుకోండి. పదికి తొమ్మిది. ఆసుపత్రుల్లో స్కానింగు మిషన్లు బాగుచేస్తుంది. ఆడది రెంచి పట్టుకుంటానంటే సరేనన్నాం, ఇంకేం కావాలి?"

"ఇంట్లో సహకారం?" అడిగింది అవతలి అమ్మాయి.

"పదికి పది."

గిన్నె తోముతున్న ఆమె చెయ్యి ఆగింది. పన్నెండేళ్లుగా ఇంట్లో కుళాయి దగ్గర్నుంచి ఫ్యాను దాకా ఆమె చెయ్యి పడి బాగుపడనిది లేదు. అయినా కొత్తల్లో అత్తగారన్న మాట ఇప్పటికీ చెల్లుబాటవుతూనే ఉంది: "ఎంత చదివినా కోడలు కోడలే." మొరాయించిన మిషను మళ్లీ కదిలినప్పుడు, పిల్లకి జ్వరం దిగినట్టు ఆమె ప్రాణం కుదుటపడేది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

పోయిన వారం కొత్త టెక్నీషియన్లకు పని నేర్పే పెద్ద పోస్టు ఇస్తామన్నారు. నెలకి పది రోజులు ఊళ్లు తిరగాలి. 'కుటుంబ కారణాల వల్ల ఒప్పుకోలేకపోతున్నాను' అని ఆమె ఫోనులో జవాబు మెయిలు భర్తే టైపు చేసిపెట్టాడు. "రేపు పంపెయ్, ఆలోచించడానికేముంది?" అన్నాడు. ఎందుకో ఆమె పంపలేదు.

చేతులు తుడుచుకుని వచ్చింది. "ఫోను ఇలా ఇవ్వండి."

భర్త తెల్లబోయి ఇచ్చి, పేపరు అందుకున్నాడు.

"అమ్మా, అవన్నీ కొట్టేయండి. నా ఉద్యోగం గురించి నన్నడగండి."

"హమ్మయ్య," అంది ఆ అమ్మాయి. "నాలుగు దేశాల వాళ్లతో మాట్లాడానండీ. ఎక్కడ చూసినా ఇదే వరస. పనిలో తృప్తి?"

"పది."

"మర్యాద?"

"నాలుగు. పనిముట్ల పెట్టె చేత్తో పట్టుకుని వెళ్లినా, 'ఇంజినీరు గారు రాలేదా?' అంటారు."

"మానేయాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"చాలాసార్లు. ఆఫీసులో మాత్రం కాదు."

భర్త పేపరు దించాడు. "అదేం మాట, పరాయివాళ్ల ముందు?"

"పై పోస్టు ఇస్తే తీసుకుంటారా?" చివరి ప్రశ్న అది.

"ఇచ్చారు. తీసుకుంటున్నాను."

ఫోను పెట్టేసి, భర్త రాసిపెట్టిన వాక్యం చెరిపేసింది. 'ఒకటో తేదీ నుంచి సిద్ధం' అని టైపు చేసింది. ఈలోగా లోపల్నుంచి అత్తగారు వచ్చి నిలబడింది.

"ఆ పది రోజులూ వీడి తిండి సంగతేంటే? వీడికి అన్నం వార్చడం కూడా రాదు."

"పెళ్లికి ముందు నాకూ రాదత్తయ్యా," అంది ఆమె, మెయిలు పంపుతూ. "వారంలో వచ్చేసింది."