రోజుకొక్క గంప

నేను ఒక వెదురు గంపను. మేదరి కనకవ్వ నన్ను అల్లి, అంచు బిగించి, బోర్లించి, మీద తనే కూర్చుని చూసింది. నేను వంగలేదు. ఆ సంగతి చెప్పుకోవడంలో నాకు మొహమాటం లేదు.

నన్ను కొన్నది జనగామలో అంగన్‌వాడీ టీచరు పుష్పలీల. ఆమె భర్త సోమాచారి రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. కొట్టు మూసేసిన రోజున అందులో ఉన్నదంతా ఇంటికి మోసుకొచ్చాడు. మూగబోయిన స్పీకర్లు, మూతల్లేని పెట్టెలు, పెట్టెల్లేని మూతలు. ఏది తీయబోయినా "ఎప్పుడన్న పనికొస్తది" అనేవాడు. ఆ "ఎప్పుడో" మీద మనుషులకున్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు.

సామాను గది నిండి నడవలోకి పాకింది. కిందటేడు అక్కడే అతని తల్లి అండాలమ్మ వైర్ల చుట్ట తగిలి పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ తర్వాత వాకరు పట్టుకుని నడవగలిగింది కానీ, వాకరు పట్టేంత దారి ఇంట్లో లేదు. ఏడాదిగా వెనక గదే ఆమె లోకం. వీధిలో బతుకమ్మ ఆడుతుంటే మంచం మీద కూర్చునే చప్పట్లు కొట్టిందట.

దసరా ముందు ఇల్లు దులపడం పుష్పలీల ఏటా మొదలుపెట్టేది. ఏటా గొడవై ఆగిపోయేది. ఈసారి సద్దుల బతుకమ్మ ఇరవై రోజులుందనగా నన్ను తెచ్చి భర్త ముందు పెట్టింది.

"రోజుకు ఒక్క గంప. అది నిండినంక ఒక్క మేకు గూడ ముట్ట."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. ఏం పోవాల్నో మీరే చెప్పుండ్రి."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. చిన్నగా కనిపించాను కాబోలు, సరేనన్నాడు. అలా నన్ను తక్కువ అంచనా వేసి చిక్కుకున్నాడు.

మొదటిరోజు పాత పేపర్లు, పగిలిన కప్పులు. వాటికి అతను అడ్డు చెప్పలేదు. నాలుగోరోజు మాత్రం గుమ్మం దాకా వచ్చిన నాలోంచి ఒక రేడియో గుండీ తీసి జేబులో వేసుకున్నాడు. పుష్పలీల చూసీ చూడనట్టు ఊరుకుంది. తొమ్మిదోరోజు ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు ఎత్తారు. ఆ బరువుకు నా అంచు ఫట్టున విడిపోయింది.

పుష్పలీల కూలబడింది. "అయిపాయె. ఈ ఏడు గూడ అత్తమ్మ లోపల్నే."

సోమాచారి తలతిప్పి తల్లి ఉన్న గది వైపు చూశాడు. సామాన్లో వెతికి రాగి తీగ చుట్ట తెచ్చి, నన్ను ఒళ్లో పెట్టుకుని అంచంతా చుట్టాడు. వేలికి గీరుకుని రక్తం వచ్చినా ఆపలేదు.

"చూసినవా, గీ తీగ పనికొచ్చింది గద" అన్నాడు. ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. "అమ్మ పడ్డది నా వైర్లకే" అన్నాడు మెల్లగా.

మర్నాటి నుంచి నన్ను నింపింది అతనే. పాత సామాన్ల బండివాడు వీధి మలుపులో కేకేస్తే తనే తలకెత్తుకునేవాడు. బాగుచేయదగ్గ మూడు రేడియోలు బాగుచేసి, కావాలన్నవాళ్లకు ఇచ్చేశాడు. రోజుకొక జానెడు చొప్పున నేల బయటపడింది. ఇరవయ్యోరోజు నడవలో మిగిలింది కొట్టు బోర్డు ఒక్కటే. అతను దాని మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"అది ఉండనీయుండ్రి. గోడకు కొడితే ఎవలకడ్డం?" అంది పుష్పలీల.

సద్దుల నాటి సాయంత్రం అండాలమ్మ కొత్త చీర కట్టుకుని వాకరు పట్టుకుంది. ఎక్కడ పడిపోతుందోనని సోమాచారి చేతులు చాచి ఆమె ముందు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"పక్కకు జరుగు కొడుకా. ఇప్పుడు నువ్వొక్కనివే అడ్డం" అంది ఆవిడ.

అతను గోడకు అతుక్కుపోయి దారిచ్చాడు. కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆమె గడప దాటి, పాడుతున్న ఆడవాళ్ల మధ్యకు వెళ్లి, వాకరుకు నడుం ఆనించి చప్పట్లు కలిపింది.

బిందెల మీద, కంచాల మీద పేర్లు చెక్కించుకుంటారు. గంపల మీద ఎవరూ చెక్కరు. అయితేనేం? పండగ మర్నాడు అండాలమ్మ వాకిట్లో కూర్చుని, నన్ను పక్కన పెట్టుకుని, పలకరించిన ప్రతివాళ్లకూ చూపించింది.

"ఇగో, నన్ను బయటికి తోలుకొచ్చింది గిదే."