మీ ఇంటి పెద్దామెకు వినిపించండి

పద్నాలుగో మంచం మీది ఆమె జుట్టును మూడు పాయలు చేసి అల్లడం మొదలుపెట్టగానే ఆమె నోట పాట వచ్చింది. సైరింద్రి దువ్వెనను నోట కరుచుకుంది. ఎడమచేత్తో జడ వదలకుండా, పాట రికార్డు చేయడానికి కుడిచేత్తో నడుము దగ్గర దోపుకున్న ఫోను తీసింది. దాని అద్దం మూలన పగిలింది. రెండుసార్లు గట్టిగా నొక్కితే గానీ మాట వినదు. అది మాట వినేలోగా పాట ఆగిపోతుందేమోనని ఊపిరి బిగబట్టింది. ఆగలేదు. సన్నగా, ముక్కులోంచి వస్తున్నట్టుండే ఆ గొంతు నలభై సెకన్ల పాటు ఎవరికీ తెలియని మాటలతో సాగి, జడ కొస చేరేసరికి అదే సద్దుమణిగింది.

ఏడు నెలల క్రితం రైల్వే పోలీసులు ఆమెను కటక్ స్టేషన్ నుంచి జ్వరంతో మోసుకొచ్చారు. జ్వరం తగ్గింది గానీ మాట రాలేదు. వచ్చిన ఒకటీ అరా ఎవరికీ అర్థం కాలేదు. కేసు కాగితం మీద 'గుర్తు తెలియని స్త్రీ, సుమారు యాభై, మాట లేదు' అని రాశారు. తల దువ్వేటప్పుడు మాత్రం, అదీ సైరింద్రి ఒక్కతే ఉన్నప్పుడు, పాడేది. ఫోను తీస్తే ఆపేసేది. ఇవాళెందుకో ఆపలేదు.

ఇవాళే పాడటం మంచిదైంది. సాయంత్రం నాలుగింటికి వ్యాను వస్తుంది. ఆసుపత్రి నుంచి ఆమెను దూరపు జిల్లాలో ఉన్న అనాథ శరణాలయానికి పంపేస్తున్నారు. అక్కడికి వెళ్లినవాళ్ల కోసం ఎవరూ ఇక్కడికొచ్చి అడగరు. అడిగినా చెప్పేవాళ్లుండరు.

సైరింద్రి ఆ ఆడవాళ్ల వార్డులో ఇరవై రెండేళ్లుగా ఆయా. పొట్టి మనిషి. మడమలు పగిలి, వేళ్ల సందుల్లో ఫినాయిల్ తిన్న తెల్లమచ్చలు. నర్సులూ రోగులూ అందరూ మావుసీ, అంటే పిన్ని, అని పిలుస్తారు. వెనక మాత్రం 'షేర్ మావుసీ' అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

తొమ్మిదేళ్ల క్రితం పేరు తెలియని ముసలాయన ఒకడు ఇదే ఆసుపత్రిలో పోయాడు. దహనం చేసిన మూడో రోజున కొడుకు ఫొటో పట్టుకుని వచ్చాడు. వరండా మెట్ల మీద కూర్చుని, ఏడవడం కూడా చేతకాక, తండ్రి తిన్న కంచం ఏదో చూపించమని అడిగాడు. ఆ రాత్రే సైరింద్రి మేనకోడలి చేత ఫేస్‌బుక్ నేర్చుకుంది.

మొదట్లో ఆమె రాతలు ఎవరికీ పట్టలేదు. 'దయచేసి అందరూ షేర్ చేయండి' అని రాసి, కింద దండం పెట్టే చేతులు ఎనిమిది పెట్టేది. షేర్లు నాలుగొచ్చేవి. అందులో ఒకటి తనది, ఒకటి మేనకోడలిది. అప్పుడు పోయిన మొగుడు బనమాలి గుర్తొచ్చాడు. అతను సినిమా పోస్టర్లు అంటించేవాడు. పెళ్లయిన కొత్తలో మైదా జిగురు కలిపిచ్చింది తనే. "జనం నడిచే గోడ కాదే, జనం ఆగే గోడ వెతకాలి" అనేవాడు. "ఎన్ని గంటలకి, ఏ హాల్లో అన్నది రాయని పోస్టర్ ఎంత పెద్దదైనా దండగే" అనేవాడు. అందరూ అంటే ఎవరూ కాదనీ, ఒక్క మనిషికి ఒక్క పని చెబితేనే జరుగుతుందనీ ఆమె అలా తెలుసుకుంది. ఒకరి విషయంలో 'బాలాసోర్ బస్సెక్కేవాళ్లు కండక్టరుకి చూపించండి' అని రాసింది. ఇంకొకరికి 'చేపలు కొనేటప్పుడు చేపలామెను అడగండి' అని రాసింది. ఇప్పటికి ముప్పై ఒక్కమంది ఇంటికి చేరారు.

రోగుల ముఖాలు పెట్టకూడదని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. అందుకే చేయో, పచ్చబొట్టో, చెప్పుల జతో పెట్టేది. ఈమెకి అలా గుర్తుపట్టే ఆనవాళ్లేవీ లేవు. గొంతొక్కటే ఉంది. వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్ మంజులతను అడిగి, ఆమె సరేనన్నాక పొద్దున ఏడింటికి పోస్టు పెట్టింది.

'ఈ పాట ఏ ఊరిదో నాకు తెలియదు. మీకూ తెలియకపోవచ్చు. మీ ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషికి వినిపించండి. ఆమెకీ తెలియకపోతే, ఆమె కంటే పెద్దామెకు పంపించండి. సాయంత్రం నాలుగు దాకానే సమయం.'

తర్వాత పని. పాత్రలు కడిగింది, ఆరో మంచానికి దుప్పటి మార్చింది, ఆపరేషన్ గదికి వెళ్లాల్సిన అమ్మాయి గాజులు తీయించింది. పదింటికి ఫోను చూసుకుంటే పంతొమ్మిది లైకులు, రెండు షేర్లు.

"పాటలు కూడా మొదలెట్టావా మావుసీ? రేపు నాట్యం పెడతావేమో" అంది మంజులత మందుల ట్రే సర్దుతూ. ఆ మాటలో విషం లేదు. అయినా గుచ్చుకుంది.

సైరింద్రి పది నిమిషాలు సెలవడిగి కిందికి దిగింది. ఓపీ చీటీల వరస గేటు దాకా ఉంది. జనం ఆగే గోడ అంటే అదే. వరస పొడవునా నడిచి, దూరపు ఊళ్ల నుంచి ఎవరొచ్చారో కనుక్కుని, దొరికినవాళ్లనల్లా ఒకటే అడిగింది: మీ ఊళ్లో అందరికంటే ముసలామె ఎవరు, ఆమె పక్కింట్లో ఫోనుందా? కొందరు విసుక్కున్నారు. కొందరు ఫోను అక్కడే చెవికి ఆనించుకుని, విని, ఎవరికో పంపారు. ఒకావిడ ఇలాంటివి పంపితే ఫోను పాడవుతుందటగా అని అడిగింది.

అంబులెన్సుల దగ్గర త్రినాథ్ టీ తాగుతున్నాడు. దక్షిణపు కొండల్లోని జయపూర్ నుంచి రోగిని తెచ్చిన డ్రైవరు. పాటంతా విన్నాడు గానీ పంపడానికి మొహమాటపడ్డాడు.

"నేనెప్పుడూ ఏదీ షేర్ చెయ్యను మావుసీ. మావాళ్లు నవ్వుతారు."

"నవ్వేవాళ్లకి పంపకు. మీ అమ్మకి పంపు."

త్రినాథ్ టీ గ్లాసు పక్కన పెట్టి, వాళ్లమ్మకు పంపాడు.

ఆ తర్వాత జరిగిందంతా సైరింద్రికి మధ్యాహ్నం ఫోనులో తెలిసింది. త్రినాథ్ తల్లి ఒకప్పుడు ఇరవై ఏళ్లు మల్కన్‌గిరి కొండల సంతల్లో ఎండుచేపలు అమ్మింది. పాట వినగానే, ఇది రిజర్వాయరు అవతలి కొండవాళ్లది, నా గంప ముందు కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ పాడేవాళ్లు అంది. అక్కడ ఉప్పు కొట్టతనికి పంపించింది. ఇవాళ అక్కడ సంత. కొట్టతను ఎలుకల మందు అమ్మేవాడి మైకు అడిగి తీసుకుని, ఫోను దానికి ఆనించి పాట పెట్టాడు. సంత సంతంతా ఆగిందట. చింతపండు అమ్ముకుంటున్న ఒకామె తక్కెడ వదిలేసి, నేల మీద చతికిలబడి, అది మా చెల్లి సుక్రి గొంతు అని అరిచిందట. ఇటుక బట్టీల పనికని ముఠాతో వెళ్లి, రైల్లో తప్పిపోయి ఏడాదిన్నర. ఇంట్లోవాళ్లు ఆశ వదులుకుని కర్మ కూడా చేశారు.

ఫోను మోగినప్పుడు సైరింద్రి ఆయాల గదిలో పఖాళ తింటోంది. చల్లనీళ్ల అన్నం చేతికి అంటుకుని ఉండగానే లేచి పరుగెత్తింది. ఆమె పరుగెత్తడం వార్డులో ఎవరూ అంతకుముందు చూడలేదు. ఫోను తీసుకెళ్లి పద్నాలుగో మంచం ఆమె చెవికి ఆనించింది.

అవతల నుంచి ఒక గొంతు రెండుసార్లు "సుక్రీ, సుక్రీ" అంది. మంచం మీది ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది. కూర్చుని కూర్చుని, ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా, మధ్యలో కోప్పడుతూ, మధ్యలో నవ్వుతూ, ఏడు నెలల మాట అంతా ఒకేసారి. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. సెలైను సీసా పట్టుకున్న నర్సు అలాగే నిలబడిపోయింది.

మంజులత కేసు కాగితం తెచ్చి, 'మాట లేదు' అన్నది కొట్టేసింది. 'గుర్తు తెలియని స్త్రీ' కొట్టేసింది. "పేరు ఎలా పలకాలి మావుసీ, సరిగ్గా చెప్పు" అని అడిగి, పెద్ద అక్షరాలతో సుక్రి అని రాసింది.

సుక్రి అక్క కూతురు రైమతి భువనేశ్వర్‌లో బట్టల కుట్టుశాలలో పనిచేస్తుంది. మెడలో కొలతల టేపు తీయకుండానే మూడున్నరకల్లా వచ్చేసింది. పిన్నిని చూసి ముందు కాళ్లు పట్టుకుంది, తర్వాత గడ్డం పట్టుకుంది. తన ఫోనులో ఉన్న పిన్ని ఓటరు కార్డు ఫొటో మంజులతకు చూపించింది. నాలుగింటికి వ్యాను వచ్చింది. ఎక్కించాల్సిన మనిషి లేదని చెప్పి మంజులతే దాన్ని వెనక్కి పంపింది. అంత గొంతు ఆమెకుందని వార్డులో ఎవరికీ తెలియదు.

డాక్టరు సంతకాలయ్యేసరికి అయిదు దాటింది. ఆ సమయానికి సైరింద్రి తొమ్మిదో మంచం ముసలమ్మను ఎక్స్‌రేకి తీసుకెళ్లింది. అక్కడ వరస పెద్దదిగా ఉంది. తిరిగొచ్చేసరికి పద్నాలుగో మంచం ఖాళీ.

"బాదాంబాడి బస్టాండు నుంచి ఆరింటి బస్సు దొరుకుతుందని వెళ్లిపోయారు" అంది మంజులత. "సుక్రి నీకొక మాట చెప్పమందట, రైమతి చెప్పింది. నువ్వు మరీ గట్టిగా దువ్వుతావట. జడ మాత్రం వాళ్లక్క కంటే బాగా అల్లుతావట."

సైరింద్రి నవ్వింది. కళ్లు తుడుచుకోవడానికి భుజం వాడింది, చేతులు కడుక్కోలేదు కాబట్టి. చేతులు కడుక్కున్నాక ఫోను తీసింది. షేర్లు ఆరువేలు దాటాయి. పాట ఇంకా ఎక్కడెక్కడో ముసలివాళ్ల చెవుల్లో తిరుగుతోంది. పోస్టులోంచి పాట తీసేసి, దాని చోట రాసింది: 'దొరికింది. తనవాళ్లతో ఇంటికి వెళ్లింది. ఇక పంచకండి. మీరు పంచారు కాబట్టే ఇక పంచే పని లేదు.'

మంజులత ఆమె భుజం మీదుగా చదివింది. తర్వాత, మగవాళ్ల వార్డులో ఆరో మంచం ఆయన మూడు వారాలుగా పేరు చెప్పడం లేదని, చేతులు చూస్తే వడ్రంగిలా ఉన్నాయని, రేపు ఒకసారి చూస్తావా అని అడిగింది.

"చూస్తాను సిస్టర్. ఈసారి మొదటి షేర్ నీది."

"నాదే" అంది మంజులత.

సైరింద్రి పద్నాలుగో మంచం దుప్పటి లాగి, పరుపు ఎత్తింది. కింద, ఇనుప పట్టీకి ముడేసి, ఆసుపత్రి దుప్పటి అంచు నుంచి ఒక్కొక్కటిగా తీసిన ఎర్ర దారాలతో అల్లిన సన్నటి తాడు ఉంది. జానెడు పొడవు, సైరింద్రి వేసే జడలాగే మూడు పాయల గట్టి అల్లిక. కొసన మూడు దారాలు ఇంకా విడివిడిగా వేలాడుతున్నాయి.