డ్రమ్ముకు పడ్డ తాళం

మధ్యాహ్నం షిఫ్టు మొదలై అరగంటైనా రంగులు కలిపే పెద్ద డ్రమ్ము తిరగలేదు. తిరిగేదెలా? దాని స్విచ్చుకు తాళం వేలాడుతోంది. పొద్దున డ్రమ్ము కడిగిన మతిమరుపు మారాజు, తాళం తీయకుండా తాళంచెవి జేబులో వేసుకుని చక్కా ఇంటికి పోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడు!

ఆ కంపెనీలో డ్రమ్ములోకి దిగేవాడు స్విచ్చుకు తన తాళం తానే వేసుకోవాలి, తానే తీయాలి. మారు తాళంచెవులు తాళాల గదిలో, అందరూ అక్క అని పిలిచే ఆవిడ దగ్గర ఉంటాయి గానీ, ఆ మనిషి వచ్చి ఎదురుగా నిలబడితే తప్ప ఇవ్వకూడదు.

ఫోర్‌మన్ కాలు కాలిన పిల్లిలా ఆ గది ముందు తిరిగాడు.

"అక్కా, వాడు ఇంటికెళ్ళిపోయాడు. డ్రమ్ములోకి తొంగి చూశాను, ఎవరూ లేరు. ఇవ్వు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"మనిషి రానీ."

"మరీ ఇంత చాదస్తమా!"

"చాదస్తమే. ఆ రోజు కూడా ఇంటికెళ్ళాడనే అన్నారు. తొంగి చూశామనే అన్నారు."

ఫోర్‌మన్ తల దించుకుని మేనేజరు గదికి నడిచాడు. ఆరేళ్ళ కిందట అలాగే అనుకుని ఎవరో స్విచ్చు వేశారు. అక్క మొగుడు డ్రమ్ములోనే ఉన్నాడు. ఆ తర్వాతే తాళాలొచ్చాయి, అక్కకు ఈ ఉద్యోగమొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే మరి! అయితే పట్టుకున్న ఆకుల్ని కంపెనీ వదల్లేదు, అదొక్కటీ ఒప్పుకోవాలి. విషయం విన్న మేనేజరు, "ఆవిడ చెప్పినట్టే చేయండి. సరుకు ఆలస్యమైతే అవనీ" అని, మారాజును తీసుకురమ్మని బండి పంపించాడు.

అక్క గేటు దగ్గరికెళ్ళి నిలబడింది. ఇంటినుంచి డ్యూటీకి వచ్చేవాళ్ళను చూస్తే ఆవిడకు ఇప్పటికీ గుండె పీకుతుంది. అందరూ వస్తారు. ఆయనొక్కడే రాడు. తెలిసీ రోడ్డు మలుపు వైపే చూస్తుంది, పిచ్చి మనసు.

బండి వచ్చింది. తడి తలతో, గుండీలు తప్పుగా పెట్టుకున్న చొక్కాతో మారాజు దిగి పరుగెత్తుకొచ్చాడు.

"బుద్ధి గడ్డి తిందక్కా. నాలుగు తిట్టు!"

తిట్టడానికే నిలబడింది ఆవిడ. కానీ వాడి చెయ్యి పట్టుకుంది.

"నిజంగా ఇంట్లోనే ఉన్నావురా," అంది. "ఆ రోజు మీ బావ కూడా ఇంట్లోనే ఉండుంటే... ఇలాగే వచ్చేవాడు కదరా, తల తుడుచుకోకుండా!"

"డ్రమ్ము తిప్పాలక్కా," అని ఫోర్‌మన్ మెల్లగా రెండుసార్లు అన్నాక గానీ ఆ చెయ్యి వదల్లేదు.