కంప్యూటర్‌కు వెల్వెట్ గౌను

విశ్రాంతమ్మ ఇంట్లో తొడుగు లేని వస్తువు గోడగడియారం ఒక్కటే. అదీ చెయ్యి అందక. టీవీకి పూల కుట్టు తొడుగు, మిక్సీకి గళ్ల గుడ్డ, గ్యాస్ సిలిండర్‌కు కుచ్చుల గౌను. దండెం మీద ఆరేసిన ఆ గౌను చూసిన వీధిలో వాళ్లు, సిలిండర్ మార్చేవాణ్ని "పెళ్లికూతుర్ని దించి వచ్చినవా?" అని ఆటపట్టించేవాళ్లు. సత్తుపల్లిలో బొగ్గు గనుల దుమ్ము ఎవరింటికైనా వెళ్లనీ, తన గడప మాత్రం దాటకూడదని ఆవిడ పంతం.

ఆ ఇంట్లో ఇంకో మర్యాద ఉంది. చుట్టాలో పరాయివాళ్లో వస్తే తొడుగులన్నీ తీసేయాలి. నలుగురికీ చూపించుకోకపోతే వస్తువు కొనడం దేనికి? వాళ్లు గేటు దాటగానే మళ్లీ తొడిగేయాలి. ఇంటి మనుషుల ముందు ఈ హడావిడి అక్కర్లేదు.

2009లో ఆవిడ కూతురు అక్సా, ఇంటి దగ్గరే పెళ్లిపత్రికలవీ టైపు చేసే డీటీపీ పని చేసుకుంటానని కంప్యూటర్ పెట్టించింది. ఖమ్మం నుంచి చిరంజీవి అనే మెకానిక్ వచ్చి బిగించాడు. అప్పటిదాకా ఊళ్లో అందరి కంప్యూటర్ డబ్బాల్లోనూ లోపలికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పైభాగంలో ఉండేది. ఈ కొత్త మోడల్‌లో అడుగున ఉంది.

"దీని పానమంతా కిందనే ఉంది ఆంటీ. దెబ్బ తగలకుండ జూస్కోండ్రి" అన్నాడు చిరంజీవి చాయ్ తాగుతూ. దాని ఫ్యాను కింద నుంచి గాలి పీల్చుకుంటుందని కూడా చెప్పాల్సింది. చెప్పలేదు. దాని కింద ఎవరైనా ఏదైనా పరుస్తారని అతను కలలో కూడా అనుకోలేదు. పాపం, అతనికి విశ్రాంతమ్మ సంగతి తెలియదు.

ప్రాణం కింద ఉందంటే ఉత్త బల్ల మీద పెడతారా ఎవరైనా? ఆ సాయంత్రమే ఆవిడ బూరుగు దూది కూరి చిన్న పరుపు కుట్టింది. పైనుంచి అడుగుదాకా మెరూన్ వెల్వెట్ గౌను తొడిగింది. స్విచ్చు నొక్కడానికి బొత్తాం కాజా అంత రంధ్రం వదిలింది. తొడుగుల మధ్యే పుట్టి పెరిగిన అక్సాకు అది వింతగా కూడా అనిపించలేదు.

మర్నాటి నుంచి కంప్యూటర్ ఆగిపోవడం మొదలైంది. పెళ్లిపత్రిక సగంలో ఉండగా టప్పున చీకటి. చిరంజీవికి ఫోన్ చేశారు. పరాయి మనిషి వస్తున్నాడు కాబట్టి గౌనూ పరుపూ బీరువాలోకి వెళ్లాయి. అతని ముందు కంప్యూటర్ ఎంతో బుద్ధిగా నడిచింది. "ఓల్టేజీ అయ్యుంటది" అని స్టెబిలైజర్ పెట్టిపోయాడు. అతను వెళ్లగానే గౌను, కాసేపటికి చీకటి. రెండోసారి వచ్చి ఎస్‌ఎంపీఎస్‌నే మార్చాడు. మళ్లీ గౌను, మళ్లీ చీకటి.

మూడోసారి విశ్రాంతమ్మ అతన్ని వీధిలోనే నిలబెట్టి కడిగేసింది. "నువ్వున్నంతసేపే నడుస్తదేంది? మమ్మల్ని ఎడ్డోళ్లను జేసి పాత డబ్బా అంటగట్టినవ్!"

అక్సా మాత్రం అరవలేదు. బ్యాగు సర్దుకుంది. "ఆదివారం దాక జూస్తనమ్మా. బాగుగాకుంటే ఖమ్మం బోయి హాస్టల్ల ఉంట. ఆడ ప్రెస్సోళ్లు పనికి రమ్మంటున్నరు."

 విశ్రాంతమ్మకు ఆ డబ్బా మీద ప్రేమేమీ లేదు. అది నడిచినన్నాళ్లే పిల్ల కళ్లముందు ఉంటుంది, అంతే. అందుకే కోపం దిగమింగి తనే చిరంజీవికి ఫోన్ చేసింది. "బిడ్డా, నోరు జారిన. ఆదివారం అన్నానికి రా. అట్లనే ఒక్కపారి దాన్ని గూడ జూద్దువు."

ఆదివారం నాటుకోడి పులుసు, గారెలు. గౌను లేని కంప్యూటర్ ఓ పక్క హాయిగా నడుస్తోంది. చిరంజీవి పొట్ట పగిలేలా తిన్నాడు. కారం నసాళానికి అంటితే, ఎవరినీ అడక్కుండా గబగబా వంటింట్లోకి వెళ్లి చెంబుతో నీళ్లు ముంచుకుని తాగాడు. అది చూసి విశ్రాంతమ్మ మురిసిపోయింది.

"ఇగ నువ్వు మా ఇంటి మనిషివే!"

ఇంటి మనిషి ముందు మొహమాటమేముంది? ఆవిడ బీరువా తెరిచి, కంప్యూటర్‌ను పరుపు మీద కూర్చోబెట్టి, గౌను తొడిగి, కుచ్చులు సర్దింది. చిరంజీవి చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఆంటీ, గిదేంది?"

"ఏమున్నది, రోజూ తొడిగేదే."

"రోజూనా?"

"అవ్. నువ్వొచ్చినప్పుడే తీస్తం. పరాయోళ్ల ముందట ముసుగేస్తే ఏం బాగుంటది?"

చిరంజీవి నేలమీద కూలబడి నవ్వాడు. మధ్యలో కాస్త ఏడ్చాడు కూడా, బస్సుల్లో తిరిగి తిరిగి నడుం పోయింది మరి. "దీనికి ముక్కు కిందున్నది, నోరు ఎనక ఉన్నది ఆంటీ. ముక్కును పరుపుల కుక్కినవ్, నోటికి దుప్పటి గప్పినవ్. ఊపిరాడక ఆగిపోతున్నది, పాపం!"

విశ్రాంతమ్మ ముఖం కందిపోయింది. ఒక్క క్షణమే.

"గట్లయితే తప్పు నీదే. మొదటి రోజే లోపలికొచ్చి నీళ్లు ముంచుకుంటే అయిపోతుండె గదా! చుట్టం లెక్క కుర్చీల కూసుంటివి!"

అక్సా పగలబడి నవ్వింది. నవ్వుతూనే బ్యాగులోంచి బట్టలు తీసి బీరువాలో పెట్టుకుంది. విశ్రాంతమ్మకు ప్రాణం లేచొచ్చింది. కానీ చేతులు ఊరుకోవుగా. సాయంత్రం ఆ ఖాళీ బ్యాగును ఒళ్లో పెట్టుకుని మందపాటి గుడ్డతో తొడుగు వేసి, నాలుగు వైపులా గట్టిగా కుట్టేసింది.

అక్సా దాన్ని తిప్పి తిప్పి చూసింది. "జిప్పు దగ్గర సందు ఇడిసిపెట్టలేదేందమ్మా?"

"దీనికి గాలి అక్కర్లేదు గదా" అంది విశ్రాంతమ్మ, దారం కొరుకుతూ.