పోలమ్మ కిడ్నీలో ఇరుకైన దారి

నేను ఒక రక్తనాళాన్ని. వెంట్రుక కన్నా సన్నం. పోలమ్మ కుడి కిడ్నీలో ఉంటాను. నాలాంటివి అక్కడ లక్షల్లో ఉన్నాయి. నా చివర ఒక చిన్న వడపోత వేలాడుతుంటుంది. దానికి రక్తం అందించడమే నా పని. పోలమ్మ తల్లి కడుపులో ఉండగానే తయారయ్యాను. కొత్తలో నా గోడ ఎంత మెత్తనో. గుండె కొట్టిన ప్రతిసారీ కాస్త సాగి, మళ్లీ సర్దుకునేది.

పోలమ్మది భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డు. చేపలు కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి అమ్మేది. ఆమెకు నలభై దాటాక రక్తం నాలోకి తోసుకుని రావడం మొదలుపెట్టింది. తట్టుకోవడానికి గోడ మందం చేసుకున్నాను. మందమైన కొద్దీ లోపలి దారి ఇరుకైంది. రక్తం అందక వడపోత గట్టిపడసాగింది. రక్తం చాలడం లేదని కిడ్నీ కబురు పెడితే ఒళ్లు పంపిన సాయం ఏమిటనుకున్నారు? మరికాస్త ఒత్తిడి. నొప్పి పుట్టించే శక్తి నాకు లేదు. ఉంటే ఒక్కసారైనా గట్టిగా పొడిచి ఉండేదాన్ని.

నర్సు సుగుణమ్మ బీపీ కనిపెట్టి, రోజుకొకటి చొప్పున మాత్రలు ఇచ్చింది. నెలకోసారి ఇంటికి వచ్చి బీపీ చూసి కార్డు మీద రాసేది. ఆమె అంటే పోలమ్మకు గౌరవం. అందుకే, చుట్టాలొచ్చే ముందు ఇల్లు కడిగినట్టు, ఆమె వచ్చే వారంలోనే మాత్రలు వేసుకునేది.

"భలే ఉంది పోలమ్మా. అందరూ నీలాగ వింటే నాకు పనే ఉండదు" అనేది సుగుణమ్మ.

"నీ మాట ఇనకపోతే ఇంకెవుల మాట ఇంటాను, సిస్టరమ్మా."

మిగతా మూడు వారాలు నా గతి ఎవరికీ పట్టలేదు.

ఇంతలో ఆమె తమ్ముడు దానయ్యకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. "నాదొకటి తీసుకోరా" అంది పోలమ్మ.

"నువ్వే కోసి ఇచ్చీసేలాగున్నావే అక్కా. కత్తి ఇంటికాడ ఒగ్గీసి రా" అన్నాడతను.

వస్తువులు చేతులు మారుతుంటాయి. నాకూ ఆ యోగం పట్టబోతోందని తెలిసి సిగ్గుపడ్డాను. నాలో ఇంకేం మిగిలిందని ఇస్తుంది?

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు చెప్పాడు. "లోపలి సన్న నాళాలు దెబ్బతిన్నాయమ్మా. నీ కిడ్నీ తీసుకోలేం."

పోలమ్మ కార్డు ఆయన ముందు పెట్టింది. "రెండేళ్లది బాబూ. ఒక్క నెలైనా ఎక్కువుందేటి, సూడండి."

"మాత్ర రోజూ వేసుకుంటున్నావా?"

ఆమె తమ్ముడి వైపు చూడలేకపోయింది. "సిస్టరమ్మ వచ్చే ముందు ఏసుకుంటాను."

"పోనీలే అక్కా" అన్నాడు దానయ్య.

పోలమ్మ వినిపించుకోలేదు. ఈ చేప బాగోలేదన్నవాళ్లకు గంపలోంచి మరొకటి తీసి చూపించే గొంతుతోనే అడిగింది. "ఇంకో పక్కది ఉంది గదా బాబూ. అది సూడండి."

డాక్టరు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. రెండు వైపులకూ వెళ్లేది ఒకే ఒత్తిడని చెప్పడానికి ఆయనకు మాటలు దొరికాయో లేదో నాకు తెలియదు. పైన గుండె దడదడలాడుతోంది. ఆ వేగమంతా నా మీదికి వచ్చి పడుతోంది. నేను ఇంకాస్త ముడుచుకున్నాను. అంతకు మించి నాకు చేతనయింది లేదు.