కుందేలు మామ దాచిన కోడిపిల్ల

బొమ్మ గొంతుతో ఇచ్చిన మాటకి కూడా దేవుడి దగ్గర జవాబు చెప్పుకోవాలా? ఈ అనుమానం పిన్నిని ఇరవై ఏళ్లుగా వదల్లేదు. అప్పట్లో టీవీలో వచ్చే పిల్లల బొమ్మలాటలో కుందేలు మామకి ఆవిడే గొంతు. "తప్పిపోయిన కోడిపిల్ల ఏమైందో రేపు చెప్తాగా!" అని ఒకరోజు ఆ గొంతుతోనే అంది. మర్నాడు ఆ కార్యక్రమమే ఎత్తేశారు.

ఇప్పుడు అక్క కొడుకు పనుందంటూ ఆవిడని తన గదికి తీసుకొచ్చాడు. గోడలకి పాత దుప్పట్లు, మధ్యలో మైకు. కంప్యూటర్ తెర మీద కుందేలు మామ. చేతిలో కత్తి, మూతి నిండా నెత్తురు, పళ్ల మధ్య పసుపుపచ్చ ఈకలు.

"ఏంట్రా ఈ దరిద్రం?"

"మన మామే, పిన్నీ! కోడిపిల్లని తనే తినేశాడన్నమాట. నేనూ, నా స్నేహితులూ కలిసి దయ్యం సినిమాలా తీస్తున్నాం. మేమందరం మామ అభిమానులం."

అభిమానమట! పిన్నికి ఒళ్లు మండింది. సొంతంగా ఒక చీమని పుట్టించడం చేతకాదు. ఎవరో పెంచిన బిడ్డ మొహానికి మసి పూసి, పైగా కళట! ఎర్రరంగు డబ్బా తన్నేస్తే పిల్లి కూడా ఇంత కళ చూపిస్తుంది.

"నా గొంతెందుకు మరి? మీ కంప్యూటర్ పలకదా?"

"పలికింది గానీ మామ మాటల్లో వినపడే ఆ ఈల రావట్లేదు."

ఎలా వస్తుంది? అది ఆవిడ ముందుపళ్ల సందులోంచి వచ్చే ఈల. ఇప్పుడక్కడ కట్టుడు పళ్లున్నాయి.

ఛీ కొట్టి వెళ్లిపోదామని లేచింది. తెర మీది ఈకలు చూసి ఆగింది. ఏడేళ్లప్పుడు వీడే, కోడిపిల్ల ఏమైందంటూ వారం రోజులు కొంగు పట్టుకుని తిరిగాడు. "నాకేం తెలుసు, పోరా!" అని కసిరింది తను.

పళ్లు తీసి, రుమాల్లో పెట్టి వాడికిచ్చింది. వాడు మొహం చిట్లించాడు.

"నెత్తురు పూసినప్పుడు లేని అసహ్యం పళ్లకొచ్చిందా? పట్టుకో."

"రాక్షసుడిలా నవ్వి, 'భలే రుచి' అను పిన్నీ."

పిన్ని కళ్లు మూసుకుని మనసులోనే దణ్ణం పెట్టుకుంది. ఈలతో సహా పాత గొంతు వచ్చింది.

"పిల్లలూ, ఆలస్యమైంది, ఏమనుకోకండి. కోడిపిల్ల వానకి జడిసి నా చెవి కింద పడుకుంది. పొద్దున్నే వాళ్లమ్మ దగ్గర దిగబెట్టొచ్చా."

వాడు పళ్ల రుమాలు పట్టుకునే మైకు దగ్గరికి జరిగాడు.

"రాత్రంతా చెవి కిందేనా?" అన్నాడు.

"రాత్రంతా," అన్నాడు కుందేలు మామ.