మూడు గంటల మెట్టు

మా అత్తగారు సరోజమ్మకు రోజులో ఒక అరగంట ఉండేది. మధ్యాహ్నం మూడు నుంచి మూడున్నర దాకా. అప్పటికి వంట, అంట్లు, బట్టలు అయిపోతాయి. నాలుగింటికి కుళాయి వస్తుంది. ఆ మధ్యలో ఆమె గిన్నెలో మురీ పోసుకుంటుంది. మా ఊళ్లో మరమరాలంటాం, ఖరగ్‌పూర్‌లో అందరికీ అది మురీయే. అందులో రెండు చుక్కలు ఆవనూనె, ఒక పచ్చిమిరపకాయ. పక్కన గ్లాసుడు టీ. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ వెనక తలుపు తీసుకుని సిమెంటు మెట్టు మీద కూర్చుంటుంది. గోడ అవతల గూడ్సు బండి కదిలితే చూస్తుంది, లేకపోతే లేదు. ఎవరితోనూ మాట్లాడదు. నేను కోడలిగా వచ్చి మూడేళ్లయింది. ఆ అరగంటలో ఆమెను పిలవకూడదని నాకెవరూ చెప్పలేదు, చూసి నేర్చుకున్నాను.

సంతోషం అనే మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. అది మా మామగారి మాట.

మామగారు ఎబినేజర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు పనిచేసి ఈ మార్చిలో రిటైరయ్యారు. ఏప్రిల్ అంతా పడుకున్నారు. మేలో ఫోన్‌లో ఒక వీడియో చూశారు. చిన్న చిన్న సుఖాలకు కృతజ్ఞత చెప్పుకునే మనిషికి దుఃఖం ఉండదనీ, రోజూ పది సుఖాలు రాసుకోవాలనీ అందులో ఒక పెద్దమనిషి చెప్పాడట. మర్నాడే గోల్‌బజార్ వెళ్లి గట్టి అట్ట ఉన్న నోటుబుక్కు కొనుక్కొచ్చారు.

ఫ్యాను గాలికి స్తోత్రం. ఉతికిన లుంగీకి స్తోత్రం. చేపల పులుసుకి స్తోత్రం. సాయంత్రానికి పది పూర్తికాకపోతే మంచం మీద నుంచే కేకేసేవారు.

"సరోజా, ఇంకో టీ ఉందేటి? తొమ్మిదే అయినాయి."

లుంగీ ఎవరు ఉతికారో, పులుసు ఎవరు కాచారో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. బల్ల తుడిచేటప్పుడు నేను చూశాను. నాలుగు పేజీల పులుసుంది, ఒక్క సరోజమ్మ లేదు.

ఒకరోజు మూడింటికి ఆయన పుస్తకం పట్టుకుని వెనక తలుపు దాకా వచ్చారు.

"ఏటి సేస్తన్నావ్ ఇక్కడ?"

"ఏటీ సెయ్యట్లేదు," అంది అత్తగారు.

"అదే తప్పు. ఊరికే కూకుంటే ఎలాగ? అనుబవించాల." ఆయన మెట్టు మీద, ఆమెకు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. "మురీ నోట్లో ఏసుకో. నమలకు. ఆగు. దాని సప్పుడు ఇను."

"నమలకుండా సప్పుడెక్కడ్నుంచొస్తాది?"

"మనసుతో వినాల."

అత్తగారు నోట్లో మురీ పెట్టుకుని కళ్లు మూసుకుంది. నానిపోయాక మింగింది. "ఎలాగుంది?" అన్నారాయన. "తడిసిన కాగితంలాగుంది," అంది. ఆయన అది రాసుకోలేదు.

మర్నాడు ఆయనతో ఆమోసుగారు వచ్చారు. ఇద్దరూ వర్క్‌షాపులో ఒకేచోట పనిచేశారు. ఆ పైరోజు వాళ్లతోపాటు రిటైరైన హెన్రీ. మెట్టు చాలక కుర్చీలు వేశారు. ముగ్గురికీ టీ అత్తగారే పెట్టాలి, మురీ అత్తగారే కలపాలి. వాళ్లు ఆ మెట్టు మీద చిన్న సుఖాల గురించి మాట్లాడుకుంటుంటే ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉల్లిపాయలు తరిగేది. రెండింటికే ఒకసారి గిన్నె పట్టుకెళ్లి కూర్చుంది. "టైము మార్సినావేటి? ఠీక్ హై," అని ఆయన అందరికీ ఫోన్ చేసి చెప్పారు.

ఆ సాయంత్రం బిందె ఎత్తుతూ నాతో అంది. "నాకు సీరలొద్దు, నగలొద్దు తల్లీ. ఆ అరగంట నాకు కావాల. లేపోతే నాకు పిచ్చెక్కుద్ది."

మా చర్చిలో ఒక పద్ధతుంది. ఆదివారం ప్రసంగానికి ముందు ఒక్కొక్కరూ లేచి, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్తారు. సాక్ష్యంలో ఎవరైనా ఫలానా పని చేస్తామంటే పాస్టరు అయ్యగారు వెంటనే దాని కోసం ప్రార్థన చేస్తారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. ఆమెన్ అయ్యాక ఆ మాట వెనక్కి తీసుకోవడం ఉండదు. పోయినేడు ఆమోసుగారు గుండె పొంగి, బతికినన్నాళ్లూ చర్చి నేనే ఊడుస్తానన్నారు. ఆ మర్నాడే నడుం పట్టేసింది. ఇప్పటికీ ప్రతి శనివారం ఊడుస్తూనే ఉన్నారు.

ఆ ఆదివారం మామగారు పుస్తకంతో లేచారు. మురీ గురించి పావుగంట చెప్పారు. చివర్లో, "ఈ సంతోషం నా ఒక్క ఇంట్లో ఉంటే సాలదు. ఇంటింటికీ అందాల," అని కళ్లు తుడుచుకున్నారు.

ఆయన కూర్చోకముందే ఆడవాళ్ల వైపు నుంచి మా అత్తగారు లేచింది. నలభై ఏళ్లలో ఆమె సాక్ష్యం చెప్పడం ఎవరూ చూడలేదు. నా పక్కనున్న దోర్కా, మా వెనక వరస క్వార్టర్ ఆవిడ, పాటల పుస్తకం జారవిడిచింది.

"దేవునికి స్తోత్రం," అంది అత్తగారు. "మా ఇంటాయన అన్నమాట మీరంతా ఇన్నారు. రేపట్నుంచి రోజుకొక ఇంటికెళ్లి ఈ సంతోషం నేర్పుతాడు. మజ్జేనం మూడింటికి. ముందు మన సెటిల్‌మెంటు, తరవాత ట్రాఫిక్కు కాలనీ. అందరిళ్లూ అయిపోతే మళ్లీ మొదట్నుంచి. దానికి నా కృతజ్ఞతలు." అని కూర్చుంది.

అయ్యగారు పొంగిపోయారు. అక్కడికక్కడే చెయ్యెత్తి ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నవాళ్లలో అందరికంటే పెద్ద గొంతు ఆమోసుగారిది.

ఇంటికొచ్చాక మామగారు చొక్కా కూడా విప్పలేదు.

"నేను మూడింటికని ఎప్పుడన్నాను?"

"ఇంటింటికీ అన్నారు."

"అది మాటవరసకి."

"ఆమెన్ అయిపోనాది," అంది అత్తగారు. "అన్నం తిందురుగాని రండి."

సోమవారం రెండూ యాభైకి ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని ఎండలోకి వెళ్లారు. మూడింటికి వెనక తలుపు తెరుచుకుంది. నేను వంటగది కిటికీ దగ్గర బియ్యం ఏరుతున్నాను. అత్తగారు మెట్టు మీద కాళ్లు చాపుకుంది. గూడ్సు వెళ్లింది, ఆమె చూడలేదు.

ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. ఆ పైరోజు మూడూ పదికి గోడ పక్క నుంచి దోర్కా వచ్చింది. ఆవిడ చేతిలో టీ గ్లాసు ఉంది, సగం ఒలికింది.

"ఈరోజు మీ ఇల్లేటి?" అంది అత్తగారు, కదలకుండా.

"అవును వదినా. అన్నయ్య మా ఆయన్ని కూకోబెట్టి టీ తాగడం నేర్పుతున్నాడు. యాభై ఎనిమిదేళ్లొచ్చినాయి ఆయనకి, ఇన్నాళ్లూ తాగింది ఏటో మరి."

"టీ ఎవులు పెట్టినారు?"

"ఎవులు పెడతారు? నానే. రెండుసార్లు. మొదటిది ఊరికే తాగేసినాడని మళ్లీ పెట్టించినాడు." దోర్కా ముక్కు చీదింది. "నాకూ ఈ టైములోనే కాసింత కునుకు తీసే అలవాటు వదినా."

అత్తగారు ఆ మాటకు కాసేపు గిన్నెలోకి చూసింది. తప్పు చేసిన మనిషి ముఖం అనలేను గానీ, దానికి దగ్గరే. మెట్టు మీద పక్కకు జరిగింది.

"కూకో. మాటాడకు."

దోర్కా కూర్చుంది. అత్తగారు మురీ గిన్నె ఇద్దరి మధ్యా పెట్టింది. తర్వాత తల తిప్పకుండానే ఒక గుప్పెడు కిటికీ ఊచల్లోంచి నాకు అందించింది. ముగ్గురం నమిలాం.

మామగారు చెప్పింది నిజమే. మురీకి చప్పుడుంటుంది, బాగుంటుంది కూడా. నమలాలి, అంతే.